పండేదాకా ఆగిన శుక్లం: ఉద్దానం నుంచి వచ్చిన ఒక కేసు

2021 జనవరి 17, ముక్కనుమ మర్నాడు. ఓపీ ఇంకా మొదలు కాలేదు. ఆటోలో ఒకావిడను తీసుకొచ్చారు. అరవై నాలుగేళ్లు, బక్కపలచని మనిషి. కుడికంటి మీద తడిగుడ్డ, దాని కింద వాడిపోయిన నందివర్ధనం పూలు. ఆటో దిగుతూనే మెట్ల పక్కన కూలబడి వాంతి చేసుకుంది.

భోగి రోజు సాయంత్రం కన్ను ఎర్రబడిందని, పొద్దుట భోగిమంట పొగ తగిలింది కదా, అదే అనుకున్నామని కొడుకు చెప్పాడు. రాత్రికి తలనొప్పి మొదలైంది. పండగ రోజు ఊళ్లో ఆర్‌ఎంపీ పార్శ్వపు నొప్పి అన్నాడు. నొప్పి ఇంజెక్షను వరసగా రెండు రోజులు చేశాడు. వాంతులకు గ్యాస్ మాత్ర ఇచ్చాడు. కనుమ నాటికి ముద్ద దిగలేదు.

"కన్ను పీకీసినట్టుంది బాబూ. తల పగిలిపోతంది. సూపు రాకపోయినా పర్నేదు, ముందీ నొప్పి తీసీయి."

చూపు పోయినా ఫర్వాలేదని మనిషి అంటున్నారంటే ఆ నొప్పి మామూలుది కాదు. కేవలం శుక్లం ఉన్న కన్ను నొప్పి పెట్టదు. మసకగా ఉంటుంది, ఎదురుగా వచ్చే లైటు చెదిరిపోతుంది, అంతే. శుక్లం ఉన్న కన్ను నొప్పి పెట్టిందంటే లోపల ఇంకేదో మొదలైందన్నమాట. ఎదురుగా ఉన్నది అలాంటి కేసేనని అర్థమవుతూనే ఉంది. ఐదో రోజు నడుస్తోంది.

చుక్కలు వేయకముందు

పెద్ద వయసువాళ్లు ఓపీకి రాగానే కనుపాప పెద్దదయ్యే చుక్కలు వేసి వరసలో కూర్చోబెట్టడం చాలాచోట్ల అలవాటు. పని తొందరగా అవుతుంది. కానీ ఆ చుక్క పడితే కనుపాప చెప్పాల్సిన మాట చెప్పదు. అందుకే ఈమెను నేరుగా చీకటిగదిలోకి తీసుకెళ్లి టార్చి పట్టుకున్నాను.

కుడికన్ను నిప్పులా ఎర్రగా ఉంది. నల్లగుడ్డు ఉబ్బి, ఆవిరి పట్టిన అద్దంలా మసకబారింది. దాని వెనక, కనుపాప ఉండాల్సిన చోట, పాలచుక్క పెట్టినట్టు తెల్లగా కనిపిస్తోంది. ఇంట్లోవాళ్లు దాన్ని "పువ్వు" అంటున్నారు. పువ్వు నల్లగుడ్డు మీద పడే మచ్చ, ఇది లోపలి లెన్సు. రెండూ తెల్లగానే ఉంటాయి కాబట్టి ఈ పొరపాటు మామూలే. ఇబ్బందల్లా ఎక్కడంటే, పువ్వుకు వైద్యం లేదని పల్లెల్లో నమ్మకం. పువ్వు అనుకున్నవాళ్లు ఆసుపత్రికి రారు.

ఆ కంటి ముందు వేళ్లు ఆడిస్తే తెలియలేదు. లైటు వేస్తే మాత్రం "ఎలుగు" అంది. లైటు ఎటువైపు నుంచి వస్తోందో చెప్పమంటే పైన, కింద, చెవివైపు సరిగ్గానే చెప్పింది. ముక్కువైపు నుంచి వేసినప్పుడు రెండుసార్లు తప్పు చెప్పింది.

కుడి కనుపాప సగం విచ్చుకుని బిగుసుకుపోయింది, లైటుకు కదలడం లేదు. కదలని కనుపాపను చూసి, కంటి నుంచి మెదడుకు వెళ్లే నరం సంగతి ఎలా తెలుస్తుంది? అప్పుడు ఎడమ కనుపాపను చూడాలి. మెదడు రెండు కనుపాపలనూ కలిపే నడిపిస్తుంది. ఎడమకంట్లో లైటు వేస్తే ఎడమ కనుపాప చక్కగా ముడుచుకుంది. లైటును చటుక్కున కుడివైపు జరిపాను. చీకట్లో పడినట్టు ఎడమ కనుపాప నెమ్మదిగా విచ్చుకుంది. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ అంతే. కుడికంటి నుంచి మెదడుకు వెళ్లే వెలుగు కబురు సగంలో తగ్గిపోతోందన్నమాట.

శుక్లం ఎంత ముదిరినా ఈ గుర్తు రాదు. తెల్లబడిన లెన్సు బొమ్మను ఆపుతుంది గానీ వెలుగును పూర్తిగా ఆపదు. ఈ గుర్తు కనిపించిందంటే దెబ్బ నరానికో, కంటి వెనక తెర రెటీనాకో తగిలినట్టే. ఆపరేషన్ ఎంత బాగా జరిగినా చూపు పూర్తిగా రాదని ఆ చీకటిగదిలోనే నాకు తెలిసిపోయింది. కొడుకును పక్కకు పిలిచి ఆ మాట అప్పుడే చెప్పాను. తర్వాత చెబితే ఆపరేషన్ పాడుచేసి సాకు చెబుతున్నారనిపిస్తుంది.

కంటి ఒత్తిడి కుడివైపు 52, ఎడమవైపు 16. మామూలుగా 10 నుంచి 21 మధ్యలో ఉండాలి.

మానిటాల్ సీసా

ఇక్కడ నేను చేసిన తప్పు రాయాలి.

ఒత్తిడి 52 కనబడగానే చేతికి అలవాటైన వైద్యం రాసేశాను: 20 శాతం మానిటాల్ 200 ఎంఎల్ అరగంటలో ఎక్కించడం, ఎసిటజోలమైడ్ మాత్రలు, పైన చుక్కలు. సిస్టర్ సీసా తగిలించేసింది. చేతికి సూది గుచ్చడమే మిగిలింది. కేస్‌షీట్‌లో ఊరి పేరు రాయని గడి కనిపించి, "మీదే ఊరమ్మా?" అని మాటవరసకు అడిగాను. కవిటి మండలంలో ఒక ఊరి పేరు చెప్పింది.

సీసా దింపేయమన్నాను.

శ్రీకాకుళం జిల్లాలో పనిచేసే ఏ డాక్టరుకైనా ఆ పేరు వినగానే కిడ్నీలు గుర్తుకు రావాలి. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు. ఈ కొబ్బరి, జీడి తోటల సీమే ఉద్దానం. షుగరు లేకుండా, బీపీ ఏళ్ల తరబడి లేకుండా, ఒంట్లో ఏ బాధా తెలియకుండానే ఇక్కడివాళ్ల కిడ్నీలు దెబ్బతింటున్నాయి. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. ఈమె చేతి సంచిలో ఒక ఆసుపత్రి ఫైలు ఉంది కూడా. అది తనది కాదు, భర్తది. ఆయనకు వారానికి మూడుసార్లు డయాలసిస్.

"మరి నీకెప్పుడైనా రక్తం పరీక్ష చేశారా?"

"నాకేటి బాబూ, నాకేటీ నేదు."

గంటలో రిపోర్టు వచ్చింది. కిడ్నీలు వడపోయలేక రక్తంలో మిగిలిపోయే వ్యర్థం, క్రియాటినిన్, 2.6. ఆమె వయసుకు, 46 కిలోల బరువుకు లెక్కేస్తే కిడ్నీలు నిమిషానికి 20 ఎంఎల్ కూడా వడపోయడం లేదు. పొటాషియం 5.1. బీపీ 170/100. అంతకుముందు రెండు రోజులూ చేసిన నొప్పి ఇంజెక్షను డైక్లోఫెనాక్. అలాంటి కిడ్నీలకు ఇవ్వకూడని మందుల్లో అది మొదటి వరసలో ఉంటుంది.

మానిటాల్ ఒంట్లోంచి పోవడానికి కిడ్నీ తప్ప వేరే దారి లేదు. కిడ్నీ తోయకపోతే రక్తంలోనే ఉండిపోయి, కణాల్లోంచి నీటిని లాగి రక్తనాళాల్లోకి చేరుస్తుంది. ఆ నీరు ఊపిరితిత్తుల్లోకి దిగితే మనిషికి ఊపిరాడదు. ఎసిటజోలమైడ్ కూడా కిడ్నీ ద్వారానే పోవాలి. పోకుండా ఉంటే రక్తంలో ఆమ్లం పెరుగుతుంది, మనిషి మగతలోకి జారుతుంది. చుక్కల్లో డోర్జోలమైడ్ ఇదే జాతి మందు, కిడ్నీలు ఇంతగా దెబ్బతిన్నవాళ్లకు దాన్నీ పక్కన పెట్టాల్సిందే. అంటే ఒత్తిడి తగ్గించడానికి మా అల్మరాలో ఉన్న బలమైన మందులన్నీ ఈమెకు పనికిరావు.

మిగిలిందేమిటి? టిమోలాల్ చుక్క. ఆయాసం ఉన్నవాళ్లకు అది చేటు చేస్తుంది. ఈమె చిన్నప్పటి నుంచి అడ్డపొగ తాగుతోంది. తెలియనివాళ్ల కోసం: చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని పీల్చడమే అడ్డపొగ. ఉత్తరాంధ్ర తీరంలో పెద్దవయసు ఆడవాళ్లలో ఈ అలవాటు చాలా ఉంది. నోటి క్యాన్సర్ సంగతి అందరికీ తెలుసు గానీ, పొగతాగేవాళ్లకు శుక్లం తొందరగా వస్తుందన్న సంగతి తక్కువమందికి తెలుసు. వీపుమీద స్టెతస్కోపు పెట్టి నాలుగుచోట్ల విన్నాను. పిల్లికూతలు లేవు. నాడి 76. టిమోలాల్ వేశాం, బ్రిమోనిడిన్ వేశాం. వాపు తగ్గడానికి ప్రెడ్నిసొలోన్ చుక్క గంటగంటకూ మొదలుపెట్టాం. నొప్పికి పారాసిటమాల్ ఒక్కటే. బీపీకి మాత్ర ఫిజీషియన్ రాశారు.

మూడు గంటల తర్వాత ఒత్తిడి 44.

అది చాలదు. అందుకని కంటికి మత్తుచుక్క వేసి, బెటాడిన్‌తో శుభ్రం చేసి, మైక్రోస్కోపు కింద సన్నని సూదితో నల్లగుడ్డు అంచున గుచ్చి లోపలి నీరు ఒక్క చుక్క బయటికి వదిలాను. ఆ నీరు తేటగా లేదు, బియ్యం కడిగిన నీళ్లలా ఉంది. ఒత్తిడి 22కి దిగింది. ఐదు రోజుల తర్వాత మొదటిసారి ఆవిడ పక్కమీద వెనక్కి వాలి కళ్లు మూసుకుంది. ఇది తాత్కాలికమే, రాత్రికి మళ్లీ 34 అయింది. అయినా ఆ కొన్ని గంటలు మాకు అవసరమయ్యాయి.

ఇది ఏ రకం

నీరు వదిలాక నల్లగుడ్డు కొంచెం తేటపడింది. గ్లిజరిన్ చుక్క వేస్తే ఇంకొంచెం. అప్పుడు స్లిట్ ల్యాంప్ మీద సరిగా చూడగలిగాను.

ముదిరిన శుక్లం కంటి ఒత్తిడిని ముఖ్యంగా రెండు తీర్లలో పెంచుతుంది. ఒకటి, లెన్సు నీరు పీల్చుకుని ఉబ్బి, ఐరిస్‌ను, అంటే కనుపాప చుట్టూ ఉండే రంగుపొరను, ముందుకు తోసి, నీరు బయటికి పోయే మూలను మూసేయడం. అలాంటి కంట్లో నల్లగుడ్డుకూ ఐరిస్‌కూ మధ్య ఉండే ముందుగది ఇరుకవుతుంది. రెండోది దీనికి తిరగబడిన కథ. లెన్సు మరీ మాగిపోయి లోపలి పదార్థం పాలలా కరిగి, లెన్సు చుట్టూ ఉండే సంచి చిరగకుండానే కంటికి కనపడని సందుల్లోంచి ఆ మాంసకృత్తులు బయటికి ఊరతాయి. వాటిని మింగడానికి రక్తం నుంచి కణాలు వస్తాయి. మింగి ఉబ్బిన ఆ కణాలూ, ఊరిన పదార్థమూ కలిసి నీరు పోయే జల్లెడను పూడ్చేస్తాయి. మూల తెరిచే ఉంటుంది, జల్లెడే పూడుకుపోతుంది.

ఈమెకు ముందుగది లోతుగానే ఉంది. అద్దం పెట్టి చూస్తే మూల తెరిచే ఉంది. ఎడమకంట్లో కూడా అంతే. గదిలోని నీటిలో దీపం వెలుగుకు దుమ్ములా కణాలు తిరుగుతున్నాయి. లెన్సు సంచి ముడతలు పడి, దాని మీద తెల్లని మచ్చలు అక్కడక్కడా అంటుకుని ఉన్నాయి. నల్లగుడ్డు వెనక వాపు ముద్దలు లేవు. ఇక అనుమానం లేదు, ఇది రెండో రకం, ఫాకోలైటిక్ గ్లకోమా. శుక్లంలోంచి పుట్టిన నీటికాసులు. దీనికి మందులు కొంత సమయం ఇస్తాయి గానీ, ఆ లెన్సును తీస్తేనే జబ్బు పోతుంది.

కంటికి బి-స్కాన్ అనే అల్ట్రాసౌండ్ తీశాం. రెటీనా తన చోటే ఉంది. లోపల వేయాల్సిన లెన్సు పవర్‌కు కుడి నల్లగుడ్డు వంపు కొలవడం కుదరలేదు. ఎడమకంటి కొలత తీసుకుని లెక్కించాం. అటూ ఇటూ కొంచెం తేడా వస్తుందని తెలిసీ చేశాం.

ఎడమకంట్లోనూ శుక్లం ఉంది, గోధుమరంగుకు తిరిగిన గట్టి కేంద్రం, చూపు 6/60. అంటే మామూలు కంటికి 60 మీటర్ల దూరం నుంచి కనిపించేది ఈమెకు 6 మీటర్లకు వస్తే గానీ కనిపించదు. అయితే అంతకుముందు సంవత్సరం మొదట్లో కళ్లద్దాలు లేకుండా సూదిలో దారం ఎక్కించగలిగిందట. "ఎడంకన్ను బాగయిపోతందనుకున్నాను బాబూ" అంది. లెన్సు కేంద్రం గట్టిపడేటప్పుడు దగ్గరి చూపు కొన్నాళ్లు మెరుగుపడుతుంది. చాలామంది దాన్ని కన్ను కుదుటపడటం అనుకుని ఇంకో ఏడాది ఆగిపోతారు. అరవై దాటినవాళ్లు ఉన్నట్టుండి అద్దాలు లేకుండా పేపరు చదవడం మొదలుపెడితే సంతోషించకండి, కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

ఎందుకు ఆగింది

2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకు వాళ్ల కొబ్బరిచెట్లు, జీడితోట కూలిపోయాయి. ఆ మరుసటి ఏడు కుడికన్ను మసకేయడం మొదలైంది. ఊళ్లో కంటి శిబిరం పెట్టినప్పుడు శుక్లం వస్తోంది, ఆపరేషన్ చేయించుకో అన్నారు. ఇంటికి వచ్చి చెబితే చుట్టాలందరూ ఒకటే మాట: "ఇంకా పండనేదు కదా. పండాక తీయించుకుందువు." ఆలోగా భర్తకు డయాలసిస్ మొదలైంది. వారానికి మూడు రోజులు ఆయన్ను తీసుకెళ్లడం, ఎదురుచూడటం, తీసుకురావడం. కొడుకు కూలికి వెళితేనే ఇల్లు గడుస్తుంది. కాబట్టి ఆ తిరగడమంతా ఈమెదే. 2020లో కరోనా. శిబిరాలు ఆగిపోయాయి, బస్సులు ఆగిపోయాయి. డయాలసిస్ ఆగలేదు. ఒక కంటితో భర్త చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లి వస్తూ ఉండగానే కుడికన్ను తెల్లబడిపోయింది.

'పండాలి' అనే మాట మీద మనవాళ్లను తిట్టి లాభం లేదు. ఒకప్పుడు ఆ మాట డాక్టర్లు చెప్పిందే. అప్పట్లో లెన్సును సంచితో సహా మొత్తం పెకలించి తీసేవారు. బాగా మాగినది సులువుగా ఊడివచ్చేది. లోపల ఏమీ పెట్టేవారు కాదు. ఆపరేషన్ తర్వాత సోడాబుడ్డి అద్దాలే గతి, దాదాపు ప్లస్ పది పవర్. రెండో కన్ను ఇంకా కనిపిస్తూ ఉంటే ఆ అద్దాలతో ఒకటి రెండుగా, పెద్దదీ చిన్నదీగా కనిపించి నడవలేకపోయేవారు. అందుకని చూపు బాగా పడిపోయేదాకా ఆగమనడం ఆ రోజుల్లో న్యాయమైన సలహానే.

లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ 1949లోనే కంటి లోపల లెన్సు అమర్చారు. కానీ మన పల్లెదాకా అది రావడానికి చాలా కాలం పట్టింది. 1994లో ప్రపంచ బ్యాంకు సాయంతో ఆంధ్రప్రదేశ్ సహా ఏడు రాష్ట్రాల్లో శుక్లాల ప్రాజెక్టు మొదలయ్యాక గానీ ప్రభుత్వ శిబిరాల్లో లెన్సు వేయడం వాడుకలోకి రాలేదు. ఆపరేషన్ పద్ధతి మారిపోయింది, మాట మాత్రం మారలేదు. ఇప్పుడు పండిన కొద్దీ ఆపరేషన్ కష్టం, ప్రమాదం ఎక్కువ. సంచి పలచబడుతుంది, దాన్ని పట్టి ఉంచే దారాలు వదులవుతాయి. చదవడానికో, వంటకో, దారి చూసుకోవడానికో ఇబ్బంది అనిపించిన రోజే సరైన సమయం.

ఆపరేషన్

మర్నాడు పొద్దున బీపీ 140/90కి వచ్చింది. నెఫ్రాలజిస్టుతో ఫోన్‌లో మాట్లాడాను. ఆ రోజే చేసేయమన్నారు. మదురై అరవింద్ ఆసుపత్రి వైద్యులు 1990లలోనే ఇలాంటి కేసులు పరిశీలించి, అరవై దాటినవాళ్లలో, నొప్పి మొదలై ఐదు రోజులు దాటినవాళ్లలో చూపు సరిగా రావడం లేదని గమనించారు. మాకది ఆరో రోజు.

కొడుకు "లేజర్ ఆపరేషన్ చేయండి సార్, అప్పు చేసైనా కడతాను" అన్నాడు. జనం లేజర్ అనేది ఫాకో పద్ధతిని. అందులో లేజర్ ఉండదు, శబ్ద తరంగాలతో లెన్సును పగలగొట్టి పీలుస్తారు. నల్లగుడ్డు ఇంతగా ఉబ్బి, సంచి ఇంతగా వదులైన కంటికి దానికన్నా కుట్టులేని చిన్న గాటు పద్ధతే మేలని, ఖరీదైనదే మంచిదనుకోవద్దని చెప్పాను. అప్పు చేయనివ్వలేదు.

కంటి పక్కన మత్తు ఇచ్చి, తెల్లగుడ్డులో ఆరున్నర మిల్లీమీటర్ల సొరంగం కోశాను. లోపలికి వెళ్లే ముందు పక్కగాటు నుంచి నీటిని చుక్కచుక్కగా వదిలాను. అంత ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతే కంటి వెనక రక్తనాళం చిట్లి కన్నే పోవచ్చు. అందులో బీపీ ఉన్న మనిషి. ఆ ఐదు నిమిషాలూ థియేటర్‌లో ఎవరినీ మాట్లాడొద్దన్నాను.

తెల్లని లెన్సు మీద తెల్లని సంచి కనపడదు. గాలిబుడగ కింద ట్రైపాన్ బ్లూ అనే నీలిరంగు వేసి కడిగితే సంచి లేతనీలంగా తేలింది. సూదిమొన తగలగానే పాలు పొంగినట్టు తెల్లద్రవం చిమ్మి గదంతా నిండింది. ఆగి, అదే సూదితో దాన్ని పీల్చేశాను. పాలు పోయాక సంచి గాలి తీసిన బెలూన్‌లా వాలిపోయింది. అడుగున చింతగింజ రంగులో చిన్న గింజ ఒకటి దొర్లుతోంది. మాగిపోయిన లెన్సులో మిగిలేది ఆ గింజే.

వాలిపోయిన సంచిని గుండ్రంగా చింపడం ఆ ఆపరేషన్‌లో అన్నిటికన్నా కష్టమైన భాగం. పట్టుకోవడానికి బిగువు ఉండదు, ఒకవైపు లాగితే మొత్తం కదిలివస్తుంది. జిగురుమందుతో సంచిని నింపి, బిగువు తెచ్చి, చిన్నచిన్న పట్లతో తిప్పుకుంటూ వచ్చాను. కిందివైపు దారాలు కొన్ని వదులుగా ఉన్నాయి గానీ తెగలేదు. గింజను సొరంగంలోంచి జార్చి, సంచి కడిగి, పీఎంఎంఏ అనే గట్టిరకం ప్లాస్టిక్ లెన్సు సంచిలోనే కూర్చోబెట్టాను. జిగురుమందు ఏ మూలా మిగలకుండా మామూలుకన్నా రెండింతల సేపు కడిగాను. అది మిగిలితే రాత్రికి ఒత్తిడి మళ్లీ లేస్తుంది, మళ్లీ లేస్తే దించడానికి మా దగ్గర మందు లేదు. చివర్లో మోక్సిఫ్లాక్సాసిన్ లోపల వదిలాను. అలవాటుగా చేసే జెంటామైసిన్ ఇంజెక్షను మానేశాం, అది కూడా కిడ్నీకి పడదు.

ఆ తర్వాత

మర్నాడు కట్టు విప్పేసరికి నల్లగుడ్డు ముడతలు పడి ఉంది, ఒత్తిడి 18. ముఖం ముందు చెయ్యి ఆడితే తెలిసింది. నొప్పి లేదు. "రేతిరి నిద్దరపట్టింది" అంది. వారానికి 6/36. ఆరు వారాలకు అద్దాలతో 6/24, అంతకుమించి రాలేదు. నల్లగుడ్డు తేటపడ్డాక నరం కనిపించింది. మధ్యలో గుంట నరం వెడల్పులో 0.7 వంతు దాకా పెరిగి, అంచు పాలిపోయి ఉంది. ఎడమకంట్లో అదే గుంట 0.3. ఆ చీకటిగదిలో ఎడమ కనుపాప చెప్పింది నిజమే.

మార్చిలో ఎడమకంటికి చేశాం. అది మామూలు ఆపరేషన్, రాయడానికి ఏమీ లేదు. నెలకు 6/9. ఐదు రోజుల నొప్పి చూడని కంటికి 6/9, చూసిన కంటికి 6/24. అదే మనిషి, అదే చేతులు, అదే ఆసుపత్రి.

కిడ్నీల సంగతికి వస్తే, ఆమెను నెఫ్రాలజీకి పంపాం. నొప్పి మాత్రలు ముట్టవద్దని ఎర్రసిరాతో పెద్ద అక్షరాల్లో రాసిచ్చాం, ఆర్‌ఎంపీకి చూపించమన్నాం. అడ్డపొగ మానమని ప్రతిసారీ చెబుతూనే ఉన్నాను, "మానేత్తాను బాబూ" అని ప్రతిసారీ అంటుంది. తగ్గించింది, మానలేదు.

మా దగ్గర రెండు మార్పులు చేశాం. మానిటాల్ సీసాలు పెట్టే అల్మరా తలుపు మీద 'ఏ ఊరు? క్రియాటినిన్ ఎంత?' అని తెలుగులో రాసి అతికించాం. ఆ రెండూ కేస్‌షీట్‌లో పడకుండా సిస్టర్ సీసా ఇవ్వదు, నేను అడిగినా ఇవ్వదు. రెండోది, కనుపాప టార్చితో చూసినట్టు సంతకం లేనిదే ఓపీలో చుక్క వేయరు. మొదట్లో వరస ఆలస్యమవుతోందని గొడవయింది. ఇప్పుడు అలవాటైపోయింది.

ఆగస్టులో పరీక్షకు వచ్చినప్పుడు ఆమె ఒంటరిగా రాలేదు. వెనక ఇంకొకావిడ ఉంది, డెబ్బైకి దగ్గర. కొంగు నెత్తిమీదికి లాక్కుని లైటు వైపు చూడటం లేదు.

"మా ఊరిదే బాబూ. పండాలని కూకుండిపోయింది. నాను ఈడ్చుకొచ్చీసినాను."

ఎడమ కనుపాప తెల్లగా ఉంది. ఎర్రదనం లేదు, నొప్పి లేదు. లైటు ఆర్పి టార్చి తీసుకున్నాను. రెండు కనుపాపలూ సమానంగా ముడుచుకున్నాయి. నాలుగు వైపుల నుంచీ వెలుగును సరిగ్గా చెప్పింది. ఒత్తిడి 15. క్రియాటినిన్ 1.9. ఆపరేషన్ వచ్చే మంగళవారానికి రాశాం.